నీ ఇంటి మీద నా పేరు

బ్రాంప్టన్
ఫిబ్రవరి 18, 2024

చెల్లెమ్మ సుధామయికి,

మొన్న ఫోన్ చేశాను. నువ్వు డేకేర్ పిల్లలకు అన్నం పెడుతున్నావు. వెనక ఒకడు ఏడుస్తున్నాడు, ఇద్దరు దేనికోసమో కొట్టుకుంటున్నారు. "చెప్పండి అన్నయ్యా" అన్నావు. "ఏమీ లేదు, ఊరికే చేశాను" అని పెట్టేశాను. ముఖ్యమైన మాట నాకు ఫోన్లో ఎప్పుడూ రాదు. రవిశంకర్‌తో కూడా అంతే. మేమిద్దరం బేస్‌మెంట్‌లో ఒకే గదిలో ఉన్న రోజుల్లో నాది రాత్రి షిఫ్టు, అతనిది పగలు. చెప్పుకోవలసినవన్నీ చీటీలు రాసి ఫ్రిజ్‌కు అంటించుకునేవాళ్ళం. పాలు అయిపోయాయన్న దగ్గర్నుంచి మీ పెళ్ళి కుదిరిందన్న దాకా.

విషయానికి వస్తాను. పన్ను లెక్కలు ఇవ్వడానికి వెళ్ళాను. ఈ ఏడాది కొత్త ఫారం ఒకటి వచ్చిందట. ఇల్లు ఒకరి పేరు మీద ఉండి, నిజానికి ఇంకొకరిదైతే ఆ సంగతి ప్రభుత్వానికి చెప్పాలట. "అలాంటిదేమైనా ఉందా అంకుల్?" అని అకౌంటెంట్ అమ్మాయి స్క్రీన్ చూస్తూనే అడిగింది, టీలో పంచదార వేయమంటారా అన్నంత తేలిగ్గా.

ఉందన్నాను. ఎవరిదంది. మార్కమ్‌లో ఉన్న నా చెల్లెలిదన్నాను. సొంత చెల్లెలా అంది. కాదు, స్నేహితుడి భార్య అన్నాను. కాగితం ఉందా అంది. లేదన్నాను. అప్పుడు తలెత్తి చూసింది.

మొత్తం చెప్పాను. పన్నెండేళ్ళ కిందట రవిశంకర్‌ది కాంట్రాక్టు ఉద్యోగం కావడం, బ్యాంకు అతనికి అప్పు ఇవ్వకపోవడం, నా గోడౌను జీతం చిన్నదైనా ఎన్నడూ ఆగలేదు కాబట్టి అప్పు నా పేరున, ఇల్లు నా పేరున రాయించడం. అడ్వాన్సు అతనిదే. నెలనెలా కట్టింది అతనే, అతను పోయాక నువ్వు. నాది పేరు మాత్రం. ఆ అమ్మాయి టైపు చేయడం ఆపేసి, "ఏ ధైర్యంతో ఇచ్చారు అంకుల్ వాళ్ళు అంత డబ్బు?" అంది.

ధైర్యం అన్న మాట నాకు అంతవరకు తట్టలేదు. ఇంటికి వస్తూ బస్సులో అదే ఆలోచించాను.

ఆ ఇల్లు నీదని, నాది పేరు మాత్రమేనని ఒక కాగితం రాసుకుందాం. ఇద్దరం సంతకాలు పెడదాం. ఏ శనివారం వీలవుతుందో రాయి. మీ వదిన ఈ ఉత్తరం చూసి, "చెల్లెకు ఉత్తరం రాస్తున్నవా, భారతం రాస్తున్నవా?" అంటోంది. ఆపుతాను.

కొమరయ్య


మార్కమ్
ఫిబ్రవరి 27

అన్నయ్యా,

మీ ఉత్తరం చూసి భయపడ్డాను. మీరు రెండు పేజీలు రాశారంటే ఎవరికో ఏదో అయిందనుకున్నాను. చివరికి చూస్తే ఒక ఫారం. ఆ అకౌంటెంట్ పిల్లను ఒకసారి మా ఇంటికి పంపండి. గోంగూర పచ్చడితో అన్నం పెట్టి, ధైర్యం అంటే ఏమిటో చెప్తాను.

ఆ ఫారంలో ఏం రాయాలో మీరే రాసేయండి. నేను ఎన్నడైనా అడిగానా? మీరు ఎన్నడైనా ఇది నా ఇల్లు అన్నారా? గృహప్రవేశానికి వచ్చి కూడా గుమ్మం బయట నిలబడి "లోపలికి రావచ్చా?" అని అడిగిన మనిషి మీరు. ఆయన ఎంత నవ్వారో గుర్తుందా? "పట్టా నీ పేరున, పర్మిషన్ మమ్మల్ని అడుగుతావా?" అని.

కాగితం మాత్రం వద్దు అన్నయ్యా. కారణం మీకు ఇంతవరకు చెప్పలేదు. ఆయన్ను ఆపరేషన్‌కు తీసుకెళ్ళే ముందు రోజు మీ మేనకోడలు స్వీటీ కాఫీ కోసం కిందికి వెళ్ళినప్పుడు నన్ను దగ్గరికి పిలిచారు. నేను భయపడుతున్నానని తెలిసిపోయింది. "ఇల్లు గురించి కొమరన్నను ఏ కాగితమూ అడగకు. అడిగిన రోజున మేం స్నేహితులం కానట్టే. నాకు మాటివ్వు" అన్నారు. ఇచ్చాను. మర్నాడు ఆయన బయటికి రాలేదు. చివరిగా నా దగ్గర అడిగి తీసుకున్నది అదొక్కటే. దాన్ని ఫారం కోసం తీసెయ్యమంటారా?

స్వీటీకి డౌన్‌టౌన్‌లో ఉద్యోగం దొరికింది. రోజూ ట్రైన్‌లో పోయి వస్తోంది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో, ఇంగ్లీషులో అడిగితే భుజాలతో జవాబు చెప్తుంది. బేబీ వదినకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మీరు ఎలా ఉన్నారో ఈసారీ రాయలేదు.

మీ సుధామయి


బ్రాంప్టన్
మార్చి 10

చెల్లెమ్మా,

జవాబు రాయడానికి కూర్చుని రెండుసార్లు చింపేశాను. రవిశంకర్ నీ దగ్గర అలా మాట తీసుకున్నాడని నాకు తెలియదు. తెలిసి ఉంటే అక్కడే కోప్పడేవాణ్ణి. అది నా మీద ప్రేమే, కాదనను. కానీ నిన్ను నా చేతిలో పెట్టి, నీ చేతులు కట్టేసి వెళ్ళాడు.

ఇక్కడ ట్రక్కుల యార్డు వెనక ఒక సర్దార్జీ లాయరు ఉన్నాడు. కింద సమోసాల కొట్టు, పైన ఆఫీసు. వెళ్ళి చెప్పాను. పూర్తిగా వినకుండానే తల ఊపడం మొదలుపెట్టాడు. "నెలకు పదిమంది వస్తారు మీలాంటివాళ్ళు. పంజాబీలు, తెలుగువాళ్ళు, తమిళులు. అందరిదీ ఒకటే పాట, మాలో మాకు కాగితాలు ఉండవు అని. ఇద్దరూ బతికి ఉన్నంతకాలం నిజంగానే అక్కర్లేదు. నాకు అన్నం దొరికేది ఆ తర్వాత" అన్నాడు.

నాకేమైనా అయితే ఆ ఇల్లు ఏమవుతుందని అడిగాను. రికార్డులో నా పేరుంది కాబట్టి నా ఆస్తిలో కలిసి, మీ వదినకు, మా అబ్బాయి దీక్షిత్‌కు వెళుతుందన్నాడు. అది నాది కాదని నువ్వు కోర్టులో రుజువు చేసుకోవచ్చు. ఏళ్ళు పడుతుంది. ఈలోగా ఆ ఇంట్లో డేకేర్ నడుస్తుందో లేదో చెప్పలేనన్నాడు.

విల్లు రాసేస్తే సరిపోతుంది కదా అన్నాను. విల్లు రాస్తే నాది నీకు ఇస్తున్నట్టు అవుతుందట. నీది నీకు దానం ఇవ్వడానికి నేనెవర్ని? ఆ మాట నాకు గుచ్చుకుంది. వద్దన్నాను. బ్యాంకు అప్పు తీరడానికి ఇంకా మూడేళ్ళుంది. అంతవరకు ఇంటిని నీ పేరుకు మార్చడానికి వాళ్ళు ఒప్పుకోరు. కాబట్టి ఉన్న దారి ఒప్పంద పత్రమే.

లాయరు ఇంకో మాట అన్నాడు. "ఈ తప్పు మీరు కొత్తగా కనిపెట్టింది కాదు. ఎనిమిది వందల ఏళ్ళ నాటిది." అక్కడ నా మనసు నిలిచిపోయింది. లైబ్రరీకి వెళ్ళి ఇంగ్లండు చట్టాల చరిత్ర తెచ్చుకున్నాను. ఈ మధ్య మెట్లు ఎక్కడం లేదు, లిఫ్టులోనే వెళుతున్నాను. నా చదువుకు ఒక్కో పేజీ ఒక్కో పూట పడుతోంది. అయినా అర్థమైనంత చెప్తాను.

అక్కడి దొరలు సముద్రం దాటి యుద్ధాలకు వెళ్ళేటప్పుడు, భూమిని ఒక స్నేహితుడి పేరున పెట్టి, నా భార్యాపిల్లల కోసం చూసుకొమ్మని చెప్పి వెళ్ళేవాళ్ళట. కొందరు స్నేహితులు మాట మీద నిలబడ్డారు. కొందరు భూమి మింగేశారు. ఆ ఇంటివాళ్ళు కోర్టుకు పోతే జడ్జీలు, పత్రంలో ఎవరి పేరుంటే భూమి వాడిదే పొమ్మన్నారు. వేరే దారిలేక రాజుకు మొరపెట్టుకున్నారు. రాజు ఆ మొరలను చాన్సలర్‌కు పంపాడు. ఆ రోజుల్లో చాన్సలర్ అంటే చర్చి మనిషి. ఆయన పత్రం చూపించమనలేదు. స్నేహితుణ్ణి పిలిపించి, ప్రమాణం చేయించి, నీ మనస్సాక్షికి తెలిసింది చెప్పు, ఈ భూమి ఎవరిది అని అడిగాడు. పేరు నీది ఉంటే ఉండనీ, ఫలం మాత్రం వాళ్ళది అన్నాడు. ట్రస్టు అన్నది అక్కడ మొదలైంది. ఆ చట్టమే ఓడలెక్కి ఈ దేశానికి వచ్చింది.

కొన్నాళ్ళకు అందరూ భూముల్ని స్నేహితుల పేర్లకు మార్చడం మొదలుపెట్టారు. భూస్వామి చనిపోతే వారసుడు రాజుకు రుసుము కట్టాలి. భూమి నలుగురు స్నేహితుల పేరున ఉంటే, లెక్క ప్రకారం ఎవరూ చనిపోనట్టే. ఖజానాకు గండి పడింది. అప్పుడు ఎనిమిదో హెన్రీ 1536లో చట్టం తెచ్చి, ఎవరు అనుభవిస్తున్నారో భూమి వాళ్ళదే అన్నాడు. న్యాయం కోసం కాదు, రాబడి కోసం. మన ఫారం కూడా ఆ వంశంలో పుట్టిందే. మరో నూటనలభై ఏళ్ళకు, భూమి విషయంలో నమ్మకం కాగితం మీద ఉండాలని ఇంకో చట్టం చేశారు. ఆంటారియోలో అది ఇప్పటికీ ఉంది. మాటమీద నడిచినవాటికి కొన్ని మినహాయింపులు ఉన్నాయిగానీ, వాటికోసం కోర్టు మెట్లు ఎక్కాలి.

చదివినదాంట్లో నన్ను ఇబ్బంది పెట్టేది ఒకటుంది. చాన్సలర్ తనంత తాను ఎవర్నీ పిలిపించలేదు. ఎవరైనా వెళ్ళి ఫలానావాడి మీద నా ఫిర్యాదు అంటేనే పిలిపించాడు. నోరు తెరవనివాళ్ళకు ఏమైందో పుస్తకంలో లేదు.

నా ఒక్కడి సంతకం చాలదా అని లాయరును అడిగాను. పనికొస్తుందిగానీ, రేపు మీవాళ్ళే "మా నాన్న చేత ఎవరో ఒత్తిడి చేసి రాయించారు" అంటే బలహీనపడుతుందన్నాడు. ఇద్దరి సంతకాలూ కావాలి, నీ తరఫున వేరే లాయరు ఉండాలి అన్నాడు. ఆలోచించు.

కొమరయ్య


మార్కమ్
ఏప్రిల్ 3

అన్నయ్యా,

మీరు న్యూస్ చూసే ఉంటారు. మొన్న గురువారం పన్నులవాళ్ళు ఆ ఫారం ఈ ఏడాదికి అక్కర్లేదని ప్రకటించారు. స్వీటీ ఫోన్లో చూపించింది. దేవుడికి దండం పెట్టుకున్నాను. మీ హెన్రీ రాజు వెనక్కి తగ్గాడు. ఇక కాగితం గొడవ లేనట్టే కదా?

లేనట్టే అనుకుని ఉత్తరం మొదలుపెట్టాను. మీ లాయరు ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చింది, నా లాయరు పేరు చెప్పమని, త్వరగా చెప్పమని. అది ప్రకటన తర్వాత మర్నాడు వచ్చింది. ఫారమే లేనప్పుడు త్వరగా ఎందుకన్నయ్యా?

మీకు వ్యతిరేకంగా నాకొక లాయరా? మా అమ్మ వింటే నవ్వేది. మా వైపు అన్నాచెల్లెళ్ళు వేర్వేరు లాయర్లను పెట్టుకున్నారంటే ఊరంతా తలుపులు వేసుకుని కిటికీల్లోంచి వింటుంది.

ఇంకొకటి. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. ఆదివారం దీక్షిత్ కారు మా వీధిలో ఆగింది. వాటర్లూ నుంచి ఇంతదూరం వచ్చాడు, పక్కన భార్య అనన్య కూడా ఉందేమో అనుకుని టీకి నీళ్ళు పెట్టాను. దిగలేదు. అద్దం దించి, ఫోన్ ఎత్తి, ఇంటిని ఫోటో తీసుకున్నాడు. నేను తలుపు తీసేలోగా వెళ్ళిపోయాడు. చిన్నప్పుడు మా ఇంట్లో పప్పన్నం తిని చేతులు కర్టెనుకు తుడిచినవాడు. ఇప్పుడు ఇంటి ముందు ఆగి లోపలికి రాకుండా పోయాడు.

స్వీటీ ఏమందో తెలుసా? "మమ్మీ, వాళ్ళు వాల్యుయేషన్ చేస్తున్నారు" అంది. దాని చెంప పగలగొట్టాలనిపించింది. కానీ ఆ రోజు నుంచి మాటిమాటికీ కిటికీ దగ్గరికి వెళుతున్నాను.

మీరు ఒక్కమాట చెప్పండి. ఎందుకింత తొందర?

సుధామయి


బ్రాంప్టన్
ఏప్రిల్ 14

చెల్లెమ్మా,

దీక్షిత్‌కు ఆ ఇంటి సంగతి నేనే చెప్పాను. వాడికి అంతవరకు తెలియదు. పెద్దవాడయ్యాడు, తెలియాలి అనిపించింది.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. మొత్తం విని, "డాడ్, లీగల్లీ ఇట్స్ యువర్స్, రైట్?" అన్నాడు. కాదన్నాను. "టైటిల్ మీద నీ పేరుంది కదా?" అన్నాడు. పేరు ఉంది, ఇల్లు లేదు అన్నాను. "దట్ డజెంట్ మేక్ సెన్స్" అని నవ్వాడు. వాడి కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారు. వాడి ఇంటి లోను ఈ ఏడు రెన్యూ అవుతుంది, వడ్డీ రెట్టింపు అయింది. చెడ్డవాడు కాదు. కానీ నేను మాట్లాడుతుండగానే ఫోన్లో ఆ ఇంటి ధర వెతకడం చూశాను. మీ వదిన కూడా చూసింది. "కొడుకా, అది మనది కాదు, ఫోన్ పక్కకు పెట్టు" అంది. "ఐ యామ్ జస్ట్ లుకింగ్ మా" అన్నాడు. అక్కడికి వస్తాడని నేను అనుకోలేదు.

నేను ఉన్నంతవరకు వాడు ఏమీ చేయడు. అంతకు మించి ఏ తండ్రీ హామీ ఇవ్వలేడు.

ఒప్పంద పత్రం చిత్తుప్రతి దీనితో పంపుతున్నాను. చదివి, ఏదైనా మార్చాలంటే మార్చించు.

తొందర ఎందుకని అడిగావు. జవాబు ఉంది. రాయలేను. నన్ను నమ్మమని రాయబోయి ఆగాను. ఆ మాటతోనే మనం ఇంతదూరం వచ్చాం.

మే నెలాఖరులోగా అయితే మేలు.

కొమరయ్య


మార్కమ్
మే 9

కొమరయ్య గారికి,

మీరు పంపిన చిత్తుప్రతి అందింది. అందులో పేజీ పేజీకీ ట్రస్టీ అని మీ పేరు, లబ్ధిదారు అని నా పేరు ఉన్నాయి. మా ఆయన పేరు ఎక్కడా లేదు. లబ్ధిదారు అంటే ఏదో పొందేదాన్ని అనుకుంటా. ఆ ఇంటికి ఆయనా నేనూ పన్నెండేళ్ళుగా కడుతున్నామనే అనుకున్నాను.

మీరు చెప్పనన్న జవాబు కోసం చాలా రోజులు చూశాను. ఇంక చూడలేను. టొరంటోలో ఒక లాయరును కలిశాను. స్వీటీ తీసుకెళ్ళలేదు, నేనే వెళ్ళాను. స్వీటీ బయట కూర్చుంది. ఆవిడ రాసిన ఉత్తరం మీకు రిజిస్టర్డ్ పోస్టులో వస్తుంది. కటువుగా ఉంటుంది, అలాగే రాస్తారట.

డేకేర్‌కు వచ్చే ఐదుగురు పిల్లలు, నా కూతురు, నేను బతుకుతున్నది ఆ ఇంటి మీద. ఆయనకు ఇచ్చిన మాట తప్పాను. అది ఆయనకూ నాకూ మధ్య ఉంటుంది.

సుధామయి


బ్రాంప్టన్
మే 19

చెల్లెమ్మా,

నీ లాయరు ఉత్తరం అందింది. చదివి, చాలా రోజుల తర్వాత నిద్రపోయాను.

వెటకారం అనుకోకు. నాకు వెటకారం రాదు. వివరంగా రాస్తాను.

రిజిస్టర్డ్ కవరు మీ వదినే తీసుకుంది. నాచేత చదివించుకుని, సోఫాలో కూర్చుండిపోయింది. "నీ చెల్లె నీ మీద కేసు ఏసేటట్టున్నది. నువ్వేమో నవ్వుతున్నవు. పిచ్చి గిట్ల లేసిందా?" అంది. నవ్వుతున్నానని నాకు తెలియదు.

నీ లాయరు గట్టి మనిషి. ఇల్లు నాది కాదని, డబ్బంతా రవిశంకర్‌దీ నీదీ అని, దాన్ని అమ్మినా తాకట్టు పెట్టినా కోర్టుకు లాగుతానని, ఇరవై ఒక్క రోజుల్లో జవాబివ్వమని రాసింది. మొదటి పేజీలోనే రవిశంకర్ పేరు ఉంది. నా చిత్తుప్రతిలో అతని పేరు పెట్టకపోవడం పెద్ద పొరపాటు. అది చూడనంత తొందరలో ఉన్నాను.

ఆ ఉత్తరం పట్టుకుని సర్దార్జీ దగ్గరికి వెళ్ళాను. కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. "మంచి లాయరే. సరే, దేన్ని ఖండిద్దాం?" అన్నాడు.

"దేన్నీ కాదు. ఒప్పుకుంటాను."

"ఏ పేరాను?"

"అన్నిటినీ."

కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అంకుల్, ఆమె మీ మీద దావా వేస్తానంటోంది. మీరు నా క్లయింటు. నేను పోట్లాడాలి."

"నేను పోట్లాడేవాణ్ణైతే ఈ ఇల్లు నా పేరున పెట్టేవాళ్ళు కాదు."

ఉత్తరం మడిచి కవర్లో పెట్టాడు. "ఈ కేసుకు ఫీజు ఎలా అడగాలో తెలియడం లేదు" అన్నాడు. తర్వాత అడిగాడు.

ఒప్పుకోలు పత్రం తయారుచేయించి, నోటరీ ముందు సంతకం పెట్టాను. నీ లాయరుకు పంపేశారు. నీ వైపు సంతకం కూడా అడుగుతారు, పెట్టు. నువ్వు అడిగావు, నీ తరఫున వేరే లాయరు ఉంది, నేను ఒప్పుకున్నాను. మా నాన్న చేత ఎవరో రాయించారని ఇంక ఎవరూ అనలేరు. నాకు నీ దగ్గర్నుంచి కావలసింది ఇదే. అడగమని నేను నిన్ను అడగలేకపోయాను.

ఇప్పుడు తొందర ఎందుకో రాస్తాను.

జనవరిలో గోడౌనులో ఊపిరి ఆడక కూర్చుండిపోయాను. గుండెకు వెళ్ళే రక్తనాళాలు మూడు మూసుకున్నాయట. జూన్ 11న బైపాస్ చేస్తారు. మీ వదినకు మాత్రమే తెలుసు. దీక్షిత్‌కు నిన్న చెప్పాను.

నీకు చెప్పకపోవడానికి రెండు కారణాలు. రవిశంకర్ వెళ్ళింది కూడా ఇలాంటి ఆపరేషన్‌కే. ఇంకొకటి, చెప్పి ఉంటే నువ్వు కాగితం మాట జన్మలో ఎత్తేదానివి కాదు. మంచం మీద ఉన్న మనిషి చేత ఆస్తి రాయించుకోవడం మన ఇళ్ళల్లో ఎంత పాపమో నాకు తెలుసు. జాలిపడి నోరు మూసుకునేదానివి. నాకు కోపం వచ్చిన చెల్లెలు కావలసి వచ్చింది. అలాగని నిన్ను భయపెట్టాలని చూడలేదు. దీక్షిత్ ఫోటో తీయడం నా లెక్కలో లేదు. నువ్వు కిటికీ దగ్గర నిలబడ్డ రోజులకు బాధ్యత నాదే.

నీ మాట గురించి. నాకు తోచినది రాస్తాను, కాదంటే వదిలేయి. రవిశంకర్ నిన్ను అడగవద్దన్నది నేను నిన్ను అవమానించకూడదని. అడిగితే నేను "ఇవ్వను" అంటానేమోనని, అక్కడితో మా స్నేహం తెగుతుందని అతని భయం. నేను అనలేదు కదా.

ఇక్కడ అంతా బాగానే ఉంది. మీ వదిన నాకు ఉప్పు ఆపేసింది.

కొమరయ్య


హాస్పిటల్, బ్రాంప్టన్
జూన్ 11

అన్నయ్యా,

ఇది ఆపరేషన్ జరుగుతున్నవాళ్ళ బంధువులు కూర్చునే హాలు. గోడకు టీవీ ఉంది, సౌండు లేదు. మిమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి చాలాసేపు అయింది. ఫోన్లో ఏమీ చదవలేకపోతున్నాను, అందుకని స్వీటీ బ్యాగులోంచి కాగితం తీసుకుని రాస్తున్నాను. మీ అలవాటు నాకూ అంటుకుంది.

మీ ఉత్తరం వచ్చిన రోజు పిల్లల్ని వాళ్ళ అమ్మలు తీసుకెళ్ళేదాకా ఆగి, స్వీటీ చేత కారు తీయించాను. అప్పటికి మీరు నిద్రపోతున్నారట. వదిన తలుపు తీసి నన్ను పైనుంచి కిందికి చూసింది. "అచ్చినవా కేసులమ్మా" అంది. తర్వాత ఇద్దరం వంటింట్లో కూర్చుని ఏడ్చాం. మీకు చెప్పొద్దంది. చెప్తున్నాను.

సంతకం పెట్టేశాను. నా లాయరు, అన్నీ ఒప్పుకుంటూ వచ్చిన జవాబు చూసి రెండుసార్లు ఫోన్ చేసింది. ఇందులో ఏదో మోసం ఉందేమో కాస్త ఆగమంది. లేదమ్మా, ఆయన అంతే అన్నాను. ఆవిడకు నమ్మకం కుదరలేదు. ఇప్పటికీ కుదిరినట్టు లేదు.

ఇందాక దీక్షిత్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పార్కింగ్ గురించి, కాఫీ గురించి చెప్పాడుగానీ అసలు మాట రాలేదు. ఈ విషయంలో మీ కొడుకే. చివరికి అన్నాడు:

"ఆంటీ, ఐ టుక్ ఎ పిక్చర్ ఆఫ్ యువర్ హౌస్."

"చూశానురా."

"ఐ యామ్ సారీ. నేను జస్ట్... ఉద్యోగం పోతే ఏం చేయాలా అని లెక్కలు వేసుకుంటున్నా."

"ఎంత చూపించింది?"

"ఏంటి?"

"ఇంటి ధర. ఫోన్లో."

సిగ్గుపడ్డాడు. "వన్ పాయింట్ ఫోర్ మిలియన్."

"వెనక గోడ బీటలిచ్చింది, బేస్‌మెంట్‌లోకి నీళ్ళొస్తాయి. అది చూపించిందా?"

"నో ఆంటీ."

"మరి ఇంకేం ఫోనురా అది."

నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఒప్పుకోలు పత్రం చదివాడట. "డాడ్ నాకు చెప్పినప్పుడు సెన్స్ లేదనుకున్నా. ఇప్పుడూ పూర్తిగా అర్థం కాలేదు. కానీ నేను దాని జోలికి రాను" అన్నాడు. నమ్మాలనుంది. కాగితం ఉంది కాబట్టి ఇప్పుడు నమ్మడం తేలికగా ఉంది. ఇది రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది, కానీ అది నిజం.

ఆయనకిచ్చిన మాట గురించి మీరు రాసినది చదివాను. ఒప్పుకోవాలో లేదో తెలియడం లేదు. ఆయన ముందు నిలబడి చెప్పుకోగలిగితే బాగుండేది. ఈ హాలు లాంటి హాల్లోనే ఆ రోజు కూర్చున్నాను. కుర్చీలు కూడా ఇలాంటివే.

నర్సు ఒకామె రెండుసార్లు బయటికి వచ్చింది. వచ్చినప్పుడల్లా అందరం లేచి నిలబడ్డాం. రెండుసార్లూ వేరేవాళ్ళ కోసం. వదిన జపం చేయడం మానేసి, మీరు కోలుకున్నాక ఏం తిట్టాలో నాకు చెప్తోంది. చాలా పెద్ద జాబితా.

నేనూ ఒకటి చెప్పుకుంటాను. కాగితాలన్నీ లాయర్ల దగ్గర ఉన్నాయి. కానీ రికార్డులో ఆ ఇంటి మీద ఇంకా మీ పేరే ఉంది, అప్పు తీరేదాకా ఉంటుంది. మూడేళ్ళు. ఆ తర్వాత మీరే వచ్చి, సంతకం పెట్టి, నా పేరుకు మార్చాలి. మీ బదులు ఇంకెవరో వచ్చి పెడితే నేను ఒప్పుకోను.

ఇది బతిమాలడం కాదు అన్నయ్యా. నా లాయరు చెప్పింది, ట్రస్టీ తన పని పూర్తిచేయాలని అడిగే హక్కు లబ్ధిదారుకు ఉందట. ఆ హక్కుతో అడుగుతున్నాను.

మీ చెల్లెలు
సుధామయి